పదిమంది కళ్లముందు పరిశోధన పత్రం

శ్రోతలకు నమస్కారం.

"శాస్త్రవేత్తలు తేల్చారు" అన్న మాట వార్తల్లో తరచూ వింటుంటాం. ఆ తేల్చడం ఎక్కడ జరుగుతుందో, ఎవరు చేస్తారో మాత్రం బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఇన్నాళ్లూ అది తలుపులు వేసుకుని జరిగిన పని. పరిశోధకులు పత్రం రాసి జర్నల్‌కు పంపుతారు. ఎడిటర్ దాన్ని అదే రంగంలో పనిచేసే ఇద్దరికో ముగ్గురికో ఇస్తారు. వాళ్లు చదివి, ఇది నిలబడుతుంది, ఇది నిలబడదు, ఈ ప్రయోగం మళ్లీ చేయండి అని రాసి పంపుతారు. వాళ్లెవరో సాధారణంగా పత్రం రాసినవాళ్లకు చెప్పరు. ఆ చదివిన శ్రమకు డబ్బులు ఇవ్వడం కూడా అరుదే. దీన్నే పీర్ రివ్యూ అంటారు. ఇదేదో అనాదిగా వస్తున్న పద్ధతి అనుకుంటాం గానీ, నేచర్ అంతటి పత్రిక కూడా బయటివాళ్ల సమీక్షను తప్పనిసరి నియమంగా పెట్టుకున్నది 1973లోనే.

ఆ ముగ్గురూ ఎంత నిజాయితీగా చదివినా ఒక చిక్కు ఉంది. ఇవాళ ఒక జీవశాస్త్ర పత్రం తీసుకుంటే అందులో రసాయనం ఉంటుంది, గణాంకాలు ఉంటాయి, ఫొటోలు ఉంటాయి, కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో మూల బాగా తెలుసు. లోపం ఉన్న మూల ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియకపోతే అది అలాగే అచ్చవుతుంది. ఆ మూల తెలిసిన మనిషి ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. పత్రం వాళ్ల కంట పడాలి, వాళ్ల మాట మిగతావాళ్ల చెవిన పడాలి. సోషల్ మీడియా ఈ రెండు పనులూ చేస్తోంది. అందుకే దీన్ని కాలక్షేపం కబుర్ల కింద కొట్టిపారేయొద్దని ఈరోజు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

2010 డిసెంబర్ 2న నాసా విలేకరుల సమావేశం పెట్టింది. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో ఆర్సెనిక్ ఎక్కువ. అక్కడ దొరికిన ఒక బ్యాక్టీరియా భాస్వరానికి బదులు ఆర్సెనిక్‌తో బతకగలుగుతోందని, ఏకంగా తన డీఎన్ఏలోనే దాన్ని ఇముడ్చుకుందని పరిశోధకులు ప్రకటించారు. మనకు తెలిసిన ప్రాణుల్లో డీఎన్ఏలో భాస్వరం లేనిది ఒక్కటీ లేదు. నిజమైతే పాఠ్యపుస్తకాలు తిరగరాయాల్సిందే. పత్రం వచ్చింది 'సైన్స్' అనే పేరున్న పత్రికలో. అంటే పీర్ రివ్యూ దాటుకునే వచ్చింది.

రెండు రోజులు గడిచాయో లేదో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సూక్ష్మజీవి శాస్త్రవేత్త రోజీ రెడ్‌ఫీల్డ్ ఆ పత్రంపై తన అభ్యంతరాలను ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. వాటిలో ముఖ్యమైనవి రెండు. బ్యాక్టీరియాను పెంచిన ద్రావణంలో విడిగా భాస్వరం కలపని మాట నిజమే. కానీ వాడిన రసాయనాల్లో మలినంగా కొంత ఉంది, ఆ లెక్క పత్రంలోనే ఉంది. ఆ కాస్తా బ్యాక్టీరియా పెరగడానికి సరిపోవచ్చు. రెండోది, డీఎన్ఏను పరీక్షకు పెట్టే ముందు తగినంత శుద్ధి చేయలేదు. పైన అంటుకున్న ఆర్సెనిక్‌నే లోపలిదిగా లెక్కేసి ఉండొచ్చు. ఇక ట్విట్టర్‌లో ఆ చర్చకు ఒక హ్యాష్‌ట్యాగే పుట్టింది. వేరే వేరే దేశాల శాస్త్రవేత్తలు తలా ఒక ప్రశ్న అందులో చేర్చారు. పత్రం రాసినవాళ్లు మాత్రం, చర్చ ఏదైనా సమీక్ష జరిగిన పత్రాల ద్వారానే జరగాలన్నారు.

2011లో సైన్స్ పత్రిక ఎనిమిది విమర్శలను అచ్చువేసింది. రెడ్‌ఫీల్డ్ అక్కడితో ఊరుకోలేదు. అదే బ్యాక్టీరియాను తెప్పించుకుని ప్రయోగాన్ని తానే మళ్లీ చేశారు. ఏ రోజు ఏం చేశారో, ఏం వచ్చిందో ఎప్పటికప్పుడు అందరికీ తెలిసేలా రాస్తూ వచ్చారు. బాగా శుద్ధి చేసిన డీఎన్ఏలో ఆర్సెనిక్ దొరకలేదని 2012లో ఆమె బృందం పత్రం వెలువరించింది, అదే సైన్స్ పత్రికలో. అసలు పత్రాన్ని ఆ పత్రిక ఉపసంహరించుకున్నది మాత్రం 2025 జులైలో. మోసం జరిగిందని పత్రిక అనలేదు. ప్రయోగాలు ఆ నిర్ధారణకు చాలవని సంపాదకుల మాట. రాసినవాళ్లు ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. రెండు రోజుల్లో లేచిన ప్రశ్నకు పత్రిక తుది నిర్ణయం రావడానికి పద్నాలుగేళ్లు దాటింది. ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది. ఈ పద్నాలుగేళ్లలో ఆ పత్రాన్ని నమ్మి పని మొదలుపెట్టిన విద్యార్థులు ఎవరైనా ఉంటే, వాళ్ల సంవత్సరాలను తిరిగి ఎవరిస్తారు?

ఇంకో ఉదాహరణ చూద్దాం. 2018 జులైలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఇద్దరు ఒక పత్రాన్ని ఆర్కైవ్‌లో పెట్టారు. ఆర్కైవ్ అంటే, జర్నల్ సమీక్షకు ముందే పత్రాన్ని అందరికీ అందుబాటులో ఉంచే చోటు. భౌతికశాస్త్రంలో 1991 నుంచీ ఉన్న అలవాటు ఇది. బంగారం, వెండి కలిసిన అతి సూక్ష్మ కణాల్లో, మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దగ్గరే, కరెంటు ఏమాత్రం నిరోధం లేకుండా పారుతోందని అందులో రాశారు. అలా పారడానికి మామూలుగా ఇంతకంటే ఎంతో ఎక్కువ చలి కావాలి, కాబట్టి చాలా పెద్ద మాట అది. పత్రంలో ఒక గ్రాఫు ఉంది. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో తీసిన కొలతలు అందులో వేర్వేరు రంగుల చుక్కలుగా ఉన్నాయి. ఏ పరికరంతో కొలిచినా చుక్కలు గీత మీద నున్నగా కూర్చోవు, కాస్త అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊగుడుకు ఒక వరస ఉండదు. అప్పట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బ్రయాన్ స్కిన్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆగస్టులో ఆ గ్రాఫును పెద్దది చేసి చూశారు. ఆకుపచ్చ చుక్కలు ఎక్కడ పైకి లేచాయో నీలం చుక్కలూ అక్కడే లేచాయి, అవి కుంగిన చోటే ఇవీ కుంగాయి. ఒకే మనిషి రెండుసార్లు పెట్టిన సంతకాలు గీత గీతకీ కలిసిపోతే బ్యాంకువాళ్లకు అనుమానం రాదా? ఇదీ అలాంటిదే. స్కిన్నర్ ఎవరి మీదా నింద వేయలేదు. రెండు వరసలనూ అందరికీ కనిపించేలా పక్కపక్కన పెట్టి, ఇది ఎందుకిలా ఉందో అర్థం కావడం లేదన్నారు. తర్వాతి ఏడాది ఆ బృందం మరిన్ని కొలతలతో పత్రాన్ని సవరించి పెట్టింది.

నా దృష్టిలో మంచి సమీక్ష అంటే ఇదే. చెప్పింది ప్రొఫెసరా, విద్యార్థా, పేరు చెప్పని మనిషా అన్నది పక్కన పెట్టొచ్చు. ఆయన చూపించిన చుక్కలను మీరూ చూడొచ్చు, నేనూ చూడొచ్చు. చూసి తేల్చుకోవచ్చు. అచ్చయిన పత్రాలపై అభిప్రాయాలు రాసేందుకు 2012లో ఇంటర్నెట్‌లో మొదలైన పబ్‌పీర్ అనే వేదికలో పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు గానీ, రాసింది ఎవరైనా సరిచూసుకోగలిగేదై ఉండాలన్నది అక్కడి నియమం. పేరు దాచడం పిరికితనం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఉద్యోగం ఇంకా దొరకని ఒక యువ పరిశోధకురాలు, రేపు తన దరఖాస్తును చూడబోయే పెద్దాయన పత్రంలో తప్పు చూపిస్తే ఎంత టెన్షన్ పడాలో ఆలోచించండి.

ఇక మరో పక్క. 2020 జనవరి 31న ఢిల్లీ పరిశోధకుల పత్రం ఒకటి బయోఆర్కైవ్‌లోకి, అంటే జీవశాస్త్ర పత్రాలను సమీక్షకు ముందే పెట్టే చోటుకి, వచ్చింది. కొత్త కరోనా వైరస్‌లోని నాలుగు చిన్న భాగాలు హెచ్ఐవీలోని భాగాలను పోలి ఉన్నాయని, ఇది కాకతాళీయంగా కనిపించడం లేదని దాని సారాంశం. నిపుణులు వెంటనే అందుకున్నారు. అంత చిన్న ముక్కలు ఎన్నో ఇతర జీవుల్లోనూ దొరుకుతాయని డేటాబేస్‌లో వెతికి చూపించారు. ఫిబ్రవరి 2కల్లా రచయితలే పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. సమీక్షగా చూస్తే ఇంత వేగం అద్భుతమే. కానీ ఆ రెండు రోజుల్లో, వైరస్‌ను ఎవరో తయారుచేశారన్న పుకారు ఆ పత్రాన్ని పట్టుకుని లోకమంతా తిరిగింది. పత్రం వెనక్కి వచ్చింది, పుకారు రాలేదు. సమీక్ష జరగని పత్రాన్ని సంచలన వార్తగా వేసేవాళ్లు ఈ విషయంలో మరింత బాధ్యతగా ఉండాలి.

గుంపు చేరినప్పుడు వచ్చే చెడు కూడా నాకు తెలుసు. పత్రాన్ని వదిలి మనిషి మీద పడతారు. రాసింది ఆడవాళ్లయితే మాటలు మరీ హద్దు దాటతాయి. ఫాలోవర్లు ఎక్కువున్నవాళ్ల అరకొర మాట, తెలిసినవాళ్ల నెమ్మదైన మాటను ముంచేస్తుంది. కొందరు కోడిగుడ్డుకు ఈకలు పీకుతుంటారు. అందుకే, తప్పుంటే ఎడిటర్‌కు రాయాలి గానీ ఇలా రచ్చకెక్కించడమేంటి అని పెద్దలు కోప్పడతారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. అయితే ఎడిటర్లకు రాసిన ఉత్తరాలకు జవాబు సకాలంలో వస్తే సగం గొడవ రచ్చకెక్కేదే కాదు.

దారి లేకపోలేదు. అట్మాస్ఫియరిక్ కెమిస్ట్రీ అండ్ ఫిజిక్స్ అనే జర్నల్ 2001లో మొదలైనప్పటి నుంచే పత్రాన్నీ, సమీక్షకుల మాటలనూ, రచయితల జవాబులనూ బహిరంగంగా పెడుతోంది. ఆ రంగంలోని ఇతరులూ అందులో పాల్గొనవచ్చు. ఈలైఫ్ పత్రిక 2023 నుంచి సమీక్షకు తీసుకున్న పత్రాలను అంగీకరించాం, తిరస్కరించాం అనడం మానేసి, సమీక్షలను పత్రంతో పాటే ప్రచురిస్తోంది. సోషల్ మీడియాలో వచ్చే మంచి ప్రశ్నలు కూడా ఇలా పత్రం పక్కనే నిలిచిపోవాలి. లేకపోతే ఖాతా మూసేసిన రోజున ఆ శ్రమంతా మాయమవుతుంది. పదోన్నతులు ఇచ్చేటప్పుడు విశ్వవిద్యాలయాలు ఈ శ్రమను లెక్కలోకి తీసుకోవాలి. ఒక తప్పుడు ఫలితాన్ని ఆపడం, ఒక కొత్త పత్రం రాయడం కంటే చిన్న పని కాదు.

శ్రోతలు చేయగలిగింది కూడా ఒకటి ఉంది. ఏదైనా పరిశోధన వార్త మిమ్మల్ని ఆశ్చర్యపరిస్తే, ముఖ్యంగా అది మీ ఆరోగ్యానికి సంబంధించినదైతే, అసలు పత్రం పేరు పట్టుకుని పబ్‌పీర్‌లో వెతకండి. సమీక్ష జరిగిన పత్రమా, సమీక్షకు ముందే పెట్టిన ప్రీప్రింటా అన్నదీ చూడండి. ఎవరైనా అభ్యంతరం రాసి ఉంటే దానికి రచయితల జవాబు ఉందేమో చదవండి. ఏమీ కనిపించకపోతే మాత్రం పత్రంలో లోపం లేదని అనుకోవద్దు. అక్కడ ఇంకా ఎవరూ రాయలేదని మాత్రమే దాని అర్థం.

సెలవు. నమస్కారం.