గుడి పక్కన బాతు

అక్క: గుడి క్యాంటీన్‌లో దోసె తిని, అటునుంచి అటే బాతు కొనడానికి వెళ్ళావంటే ఎవరైనా నమ్ముతారా?

తమ్ముడు: న్యూయార్క్‌లో ఈ ఫ్లషింగ్ పేట అంటేనే అంత కదక్కా. బౌన్ స్ట్రీట్‌లో వినాయకుడి గుడి, ఓ ఇరవై నిమిషాలు నడిస్తే మెయిన్ స్ట్రీట్. 7 నంబర్ రైలుకి అదే ఆఖరి స్టేషన్. అక్కడ దిగితే బోర్డులన్నీ చైనీసే.

అక్క: సరే, మంచి బాతు దొరికే కొట్టుని ఎలా కనిపెడతావ్?

తమ్ముడు: ముందు ఏ బాతో తేల్చుకోవాలి. అందరూ పీకింగ్ డక్ అంటారు. అది చర్మం కోసం తినేది. పల్చటి రొట్టెలో చర్మం, ఉల్లికాడ, కీరా, తియ్యటి సాస్ పెట్టి చుట్టుకుంటారు. దానికి నలుగురుంటే బాగుంటుంది. నాలాంటి ఒంటరిగాడికి కాంటనీస్ రోస్ట్ డక్కే దిక్కు, అంటే దక్షిణ చైనా పద్ధతిలో కాల్చిన బాతు. అద్దం వెనక కొక్కేలకి వేలాడుతుంటాయి చూడు, అవి.

అక్క: మెడతో సహా! మొదటిసారి చూసి తల తిప్పేసుకున్నా.

తమ్ముడు: వాటి వెనక పని తెలిస్తే తిప్పుకోవు. పొట్టలో అనాసపువ్వు, అల్లం, సోయా సాస్ కలిపిన మసాలా వేసి కుట్టేస్తారు. చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊదుతారు. మరిగే నీళ్ళు పోసి, మాల్టోస్ పాకం, వెనిగర్ పూసి, గంటల తరబడి ఆరబెడతారు. ఆ తర్వాతే పొయ్యి. కోసేటప్పుడు పొట్టలోంచి నల్లటి రసం కారుతుంది. అడక్కుండానే దాన్ని అన్నం మీద పోశారా, ఆ కొట్టు వదలకు.

అక్క: లోపలికి వెళ్ళకముందే తెలియదా?

తమ్ముడు: చర్మం అంతా ఒకే ఎరుపులో, బిగువుగా ఉండాలి. ముడతలు పడిందంటే పాతది. కత్తి మోత ఆగకుండా వినపడాలి. బేరం బాగా ఉన్న చోట బాతు కొక్కేనికి ఎక్కువసేపు వేలాడదు. పావు బాతు అడిగితే పైదా, కిందదా అంటారు. కాలి వైపు తీసుకో, రొమ్ము ఒక్కోసారి పొడిపొడిగా ఉంటుంది.

అక్క: అమ్మమ్మ బాతంటేనే నీచని ముక్కు మూసుకునేదిరా.

తమ్ముడు: అమ్మమ్మ చూసింది కోసిన వరి చేలల్లో నత్తలు ఏరుకుతినే మందల్ని. ఇక్కడివి తెల్ల పీకింగ్ జాతి, 1873లో చైనా నుంచి అమెరికా వచ్చాయి. న్యూయార్క్ దగ్గరే లాంగ్ ఐలాండ్‌లో వీటి పెంపకం ఎంత సాగిందంటే, 1931లో ఒకాయన కొట్టునే బాతు ఆకారంలో కట్టించాడు. అది ఇప్పటికీ ఉంది.

అక్క: ఇంతకీ ఆ గుడి రోజు కొన్న బాతేమైంది?

తమ్ముడు: గుడికి వెళ్ళిన రోజు నీచు ముట్టకూడదు కదా! డబ్బాలో పెట్టి, మూత బిగించి ఇంటికి తెచ్చా. ఆ ఆవిరికి చర్మం తడిసిన అప్పడంలా అయింది. మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టా. ఇంకా ఘోరం.

అక్క: మరేం చెయ్యాలిట?

తమ్ముడు: మూత కాస్త తెరిచి తెచ్చుకోవాలి. తర్వాత చర్మం పైకి ఉండేలా ఓవెన్‌లో పది నిమిషాలు పెట్టాలి. అయినా కొట్టులో తిన్నట్టుండదులే. అందుకే ఇప్పుడు బాతు శనివారం, గుడి ఆదివారం.

అక్క: ఈ శనివారం నేనూ వస్తా. మెడ మాత్రం నా ప్లేట్‌లో వెయ్యొద్దని చెప్పు.