క్యాంపింగ్ బ్యాటరీకి చిన్న జనరేటర్‌తో చార్జింగ్: గంటన్నర చాలు

అందరికీ నమస్కారం. నెల్లూరుకు తూర్పున మైపాడు తీరంలో, సరుగుడు తోపు అంచున ఉన్నాం. నిన్న మధ్యాహ్నం నుంచి చిన్న ఫ్రిజ్, ఫ్యాను, రెండు దీపాలు, అందరి ఫోన్లు నడిపిన బ్యాటరీ ఇదిగో. 100 ఆంపియర్ అవర్ల సీల్డ్ ఏజీఎం బ్యాటరీ. ఆంపియర్ అవర్ అంటే బ్యాటరీ ఎంత నిల్వ ఉంచగలదో చెప్పే కొలత, ఏజీఎం అంటే యాసిడ్ ఒలకకుండా గాజుపీచు పొరల్లో ఇంకి ఉండే లెడ్ బ్యాటరీ. దీన్ని ఒక కేవీఏ జనరేటర్‌తో ఎలా చార్జి చేయాలో, ముఖ్యంగా జనరేటర్‌ను ఎప్పుడు ఆపేయాలో చేసి చూపిస్తాను. చాలామంది ఆ రెండో విషయం పట్టించుకోరు. పెట్రోల్ వృథా అయ్యేది అక్కడే.

ముందు మీటరు చూద్దాం. తమ్ముడూ, కెమెరా కాస్త దగ్గరికి తీసుకురా. 12.2 వోల్టులు. ఫ్రిజ్, ఫ్యాను ఆపేసి కాసేపు ఆగాక చూసిన అంకె ఇది. అవి నడుస్తుండగా చూస్తే ఇంకా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. నిండిన లెడ్ బ్యాటరీ ఇలా ఏ లోడూ లేకుండా ఉన్నప్పుడు 12.7 దాకా చూపాలి. 12.2 అంటే దాదాపు సగం అయిపోయినట్టు. ఇంతకు మించి తరచూ దించితే ఈ రకం బ్యాటరీ త్వరగా పాడవుతుంది. కాబట్టి చార్జింగ్ ఇప్పుడే మొదలుపెడదాం.

ఇప్పుడు జనరేటర్ ముఖం చూడండి. ఇక్కడ 230 వోల్టుల సాకెట్ ఉంది. పక్కనే 12 వోల్టుల డీసీ అని రాసిన ఇంకో సాకెట్ ఉంది. బ్యాటరీ 12 వోల్టులదే కాబట్టి వైరు అందులోనే పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టకండి. చిన్న జనరేటర్లలో ఈ సాకెట్ సాధారణంగా 8 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది, అంటే సుమారు 100 వాట్లు. వెయ్యి వాట్ల దరిదాపుల్లో ఇవ్వగల ఇంజన్ నుంచి వంద వాట్లు తీసుకోవడానికి గంటల కొద్దీ పెట్రోల్ ఎందుకు కాల్చాలి? ఈ బ్యాటరీలో సగం నింపడానికే ఆరు గంటలు దాటుతుంది. పైగా ఆ సాకెట్‌లో వోల్టేజీని అదుపు చేసే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉండదు. బ్యాటరీ నిండినా అది ఆపదు. మనమే మీటరు పట్టుకుని కాపలా కూర్చోవాలి. కారు బ్యాటరీ దిగిపోయి దారిలో ఇరుక్కున్నప్పుడు వాడుకోవచ్చు, అంతే. లిథియం బ్యాటరీని మాత్రం దానికి అసలు తగిలించకండి.

మరి ఏం వాడాలి? 230 వోల్టుల సాకెట్‌కు మంచి ఆటోమేటిక్ బ్యాటరీ చార్జర్. నా దగ్గర ఉన్నది 20 ఆంపియర్లది. ఏజీఎం బ్యాటరీకి దాని సామర్థ్యంలో ఐదో వంతు కరెంటు ఇవ్వడం సాధారణంగా ఇబ్బంది లేని పని. అయినా బ్యాటరీ మీద ముద్రించిన గరిష్ఠ కరెంటు ఒకసారి చదవండి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ అయితే పదో వంతే ఇవ్వాలి. దాన్ని క్యాంపుకు మోయవద్దనే చెబుతాను. బరువు ఒక సమస్య, ఒరిగితే యాసిడ్ ఒలకడం ఇంకో సమస్య.

ఈ చార్జర్‌ను జనరేటర్ మోయగలదా? లెక్క చూద్దాం. 20 ఆంపియర్లను 14.4 వోల్టులతో హెచ్చిస్తే 288 వాట్లు. చార్జర్‌లో వేడిగా పోయేది కలిపితే సుమారు 340. చవకరకం చార్జర్లు తాము వాడుకునే వాట్ల కంటే ఎక్కువ భారం జనరేటర్ మీద వేస్తాయి కాబట్టి 500 వీఏ అనుకోండి. వీఏ అంటే జనరేటర్ మీద పడే మొత్తం భారం. ఒక కేవీఏ, అంటే వెయ్యి వీఏ, జనరేటర్‌కు అది సగం పనే. మే నెల నెల్లూరు ఎండలో ఇంజన్ పూర్తి శక్తి ఇవ్వలేదు, అందుకే ఆ మిగులు ఉండాలి. 40 ఆంపియర్ల చార్జర్ తగిలిస్తే ఇదే జనరేటర్ అంచు మీద నడుస్తుంది.

ఇక జనరేటర్ ఎక్కడ పెట్టాలి? దీని దగ్గర తొందరపడను, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించిన మాట. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గుడారంలో, గుడారం వాకిట్లో, కారు డిక్కీలో, తలుపులు తెరిచిన గదిలో కూడా జనరేటర్ నడపకూడదు. కనీసం 20 అడుగుల దూరంలో, గాలి మన నుంచి దాని వైపు వీచే చోట, సైలెన్సర్ అవతలి వైపుకు తిరిగి ఉండేలా పెట్టండి. తీరంలో ఇంకో చిక్కు ఉంది. పగలు గాలి సముద్రం నుంచి వస్తుంది, కాబట్టి జనరేటర్‌ను గుడారానికి పడమర పెట్టాం. రాత్రి పొద్దుపోయాక గాలి మళ్లి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు ఇదే చోట ఉన్న జనరేటర్ పొగ నేరుగా మన గుడారంలోకి వస్తుంది. అందరూ నిద్రపోయాక జనరేటర్ నడవనే కూడదు.

కింద ప్లైవుడ్ ముక్క వేశాను చూడండి. ఇసుక లోపలికి పీల్చుకోకుండా, ఇంజన్ ఒరగకుండా ఉంటుంది. ఒరిగితే ఆయిల్ తగ్గిందని సెన్సార్ పొరబడి ఇంజన్‌ను ఆపేస్తుంది.

జనరేటర్ దూరంగా ఉంది, బ్యాటరీ ఇక్కడ ఉంది. పొడవు వైరు ఏ వైపు ఉండాలి? 230 వోల్టుల వైపు. బ్యాటరీ వైపు పొడవు వైరు వేస్తే ఏమవుతుందో చెబుతాను. పది మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి 20 ఆంపియర్లు పంపితే, పోను రాను కలిపి దాదాపు 3 వోల్టులు దారిలోనే పోతాయి. చార్జర్ 14.4 ఇస్తే బ్యాటరీకి 11.4 చేరుతుంది, అంటే చార్జింగే జరగదు. అదే వైరు 230 వోల్టుల వైపు వేస్తే పోయేది అర వోల్టు కూడా ఉండదు. చార్జర్ బ్యాటరీ పక్కనే, నీడలో, గాలి ఆడేచోట ఉండాలి. చార్జి అవుతున్న లెడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు, దగ్గర్లో స్టవ్వు, సిగరెట్ వద్దు.

ఇంజన్‌ను ఏ లోడూ లేకుండా స్టార్ట్ చేయాలి. ఆయిల్ చూశాను, చోక్ వేశాను, తాడు లాగుతున్నాను. రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్ల క్లిప్పు మైనస్‌కు. ఆ తర్వాతే చార్జర్ ప్లగ్గు. ఇదిగో, 20 ఆంపియర్లు చూపిస్తోంది.

గంటన్నర తర్వాత మళ్లీ చూస్తున్నాం. సగం దగ్గర ఉన్న బ్యాటరీ 80 శాతం దరిదాపుల్లోకి వచ్చింది. వోల్టేజీ 14.4కు చేరింది, కరెంటు 20 నుంచి 15కు తగ్గింది. నేను ఇంజన్ ఆపేసేది ఇక్కడే. మిగిలిన 20 శాతం లెడ్ బ్యాటరీ నెమ్మదిగా, అన్నం తిని కడుపు నిండుతున్న మనిషిలా, తీసుకుంటుంది. దానికి ఇంకో మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ చిన్న కరెంటుకు ఇంజన్ అక్కరలేదు. ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ ద్వారా 100 వాట్ల సోలార్ ప్యానెల్ తగిలిస్తే మంచి ఎండలో ఐదారు ఆంపియర్లు ఇస్తుంది, అది చాలు. అందుకే జనరేటర్ ఉదయాన్నే, ప్యానెల్ ఆ తర్వాత. సాయంత్రం జనరేటర్ వేస్తే మిగతాది నింపడానికి ఎండ ఉండదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవాళ్లకు ఈ చివరి భాగం బాధ లేదు, దాదాపు నిండేదాకా పూర్తి కరెంటు తీసుకుంటుంది. నిజానికి జనరేటర్‌కు సరైన జోడీ అదే. చార్జర్ మాత్రం ఆ రకానికి తగినదే కావాలి. 45 డిగ్రీలు దాటితే చాలా లిథియం బ్యాటరీలు చార్జింగ్ తీసుకోవు, మూసిన కారులో వదిలితే అది తేలిగ్గా దాటుతుంది. పోర్టబుల్ పవర్ స్టేషన్, అంటే బ్యాటరీ, చార్జర్, సాకెట్లు ఒకే పెట్టెలో ఉండేది, ఉంటే నేరుగా జనరేటర్ 230 వోల్టుల సాకెట్‌కు పెట్టవచ్చు. కాకపోతే చార్జింగ్ వాట్లను సెట్టింగులో తగ్గించుకోండి, లేకపోతే చిన్న జనరేటర్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది.

పెంచలకోన వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ కొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా క్యాంపు వేయవద్దు, అక్కడికి జనరేటర్ అసలే తీసుకెళ్లవద్దు. తుపానుకు కరెంటు పోయినప్పుడు ఇంట్లో కూడా ఇదే పద్ధతి, జనరేటర్ ఆరుబయట. దాని వైరును ఇంటి ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించాలని మాత్రం చూడకండి. ఆ కరెంటు వీధి తీగల్లోకి ఎక్కి, మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు విప్పుదాం. ముందు చార్జర్ ప్లగ్గు, తర్వాత నల్ల క్లిప్పు, చివర ఎర్ర క్లిప్పు. లోడు లేకుండా రెండు నిమిషాలు నడిపి ఇంజన్ ఆపుతున్నాను. పెట్రోల్ పోయాలంటే పూర్తిగా చల్లారాకే. నెలల తరబడి వాడబోకపోతే ట్యాంకులో పెట్రోల్ తీసేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజన్ తనంతట తానే ఆగేదాకా నడపండి. తీరం నుంచి ఇంటికి చేరగానే తడిగుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి లోపల పెట్టండి.