ఉప్పుగాలికి నిలిచే కుర్చీ

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఇంట్లో చేరినవారు ముందుగా బాల్కనీకి రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల కొంటారు. పొద్దుటి కాఫీ అక్కడ కూర్చుని తాగాలనే కదా అంత డబ్బు పోసి ఆ ఇల్లు తీసుకున్నది! కానీ రెండు వర్షాకాలాలు గడిచేసరికి చాలా బాల్కనీల్లో ఆ కుర్చీల కాళ్ళ కింద టైల్సు మీద ఎర్రటి మరకలు పడతాయి. పెయింటు పొక్కులు తేలుతుంది. స్క్రూల చుట్టూ తుప్పు కారుతుంది. కొన్నవారు వానను తప్పుపడతారు. నిజానికి సముద్రతీరంలో వాన వల్ల కుర్చీకి జరిగే మేలు తక్కువేమీ కాదు.

ఎలాగో చెబుతాను. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో ఆరి, కంటికి కనిపించని ఉప్పు రేణువులుగా మారుతుంది. ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో ఈ ఉప్పు చాలా ఎక్కువగా పడుతుంది. గాలి బలంగా వీచే రోజుల్లో కిలోమీటర్ల దూరం లోపలికీ వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే మామూలు ఉప్పు తనంతట తాను కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు అంతకంటే చాలా తక్కువ తేమకే కరుగుతుంది. విశాఖలోనూ కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ గాలిలో అంత తేమ ఉండటం కొత్త కాదు. అంటే చుక్క వాన పడకపోయినా మన కుర్చీ పలుచని ఉప్పునీటి పొర కప్పుకుని ఉంటుంది. ఆ ఉప్పును కడిగిపారేసేది వానే. పైన శ్లాబు ఉన్న బాల్కనీలో వాన తగలదు, ఉప్పు మాత్రం చేరుతూనే ఉంటుంది. అందుకే నీడపట్టున పెట్టిన కుర్చీ కొన్నిసార్లు ఆరుబయట తడిసే బెంచీ కంటే ముందే పాడవుతుంది. ఒకే కుర్చీలో కూడా సీటు పైభాగం నిగనిగలాడుతుంటే అడుగుభాగం తుప్పు పట్టి ఉంటుంది.

కాబట్టి దుకాణంలో కుర్చీని కూర్చుని చూడటంతో సరిపెట్టుకోకండి. తిరగేసి చూడండి. వస్తువు మన్నిక దాని అడుగున, అతుకుల దగ్గర తెలుస్తుంది. వెల్డింగు చేసిన చోట పెయింటు సరిగ్గా పట్టిందా? స్క్రూలు ఏ లోహానివి? బోలు గొట్టంలోకి నీరు దిగితే మళ్ళీ బయటికి పోవడానికి కింద చిన్న రంధ్రం ఉందా? కాళ్ళకు వేసిన ప్లాస్టిక్ తొడుగుల్లో నీరు నిలుస్తుందా? అమ్మేవారు వీటికి జవాబు చెప్పలేకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ కుర్చీని తీరప్రాంతపు ఇంటికి తెచ్చుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇక లోహాల సంగతి. మార్కెట్లో చవకగా దొరికేవి ఎక్కువగా మామూలు ఇనుప గొట్టాలకు పౌడర్ కోటింగు వేసినవి. ఆ పూత గట్టిదే. కానీ ఎక్కడైనా గీత పడితే తుప్పు అక్కడ మొదలై పూత కిందనుంచి పాకుతుంది. ఇనుమే కావాలనుకుంటే, పూతకు ముందు వేడి జింకులో ముంచి తీసిన గ్యాల్వనైజ్డ్ రకం అడగండి. గీత పడినా జింకు ముందు తాను అరిగి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు పేరు వినగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. వంటింటి గిన్నెల్లో వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇంట్లోపల అది ఎంతో బాగుంటుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులోని క్లోరైడు మాత్రం దాని పైపొరను అక్కడక్కడ ఛేదించి టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు తెస్తుంది. 316 రకంలో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం అనే లోహం కలుపుతారు. క్లోరైడుకు ఎదురు నిలిచే గుణం దానివల్లే పెరుగుతుంది. మన దగ్గర నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకం కూడా విస్తారంగా అమ్ముతారు. అది తీరానికి పనికిరాదు. కొన్ని దుకాణాల్లో అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కాబట్టి మేలురకం అంటారు. 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. మాలిబ్డినం ఉందో లేదో చూపించే పరీక్ష ద్రవం దొరుకుతుంది. రిసార్టు కోసం వందల సంఖ్యలో కొనేవారు దానితో పరీక్షించుకోవడం మంచిది. మనలాంటివారు బిల్లు మీద 316 అని రాయించుకోవాలి.

నా మట్టుకు సముద్రతీరపు బాల్కనీకి అల్యూమినియమే అన్నిటికంటే నచ్చుతుంది. గాలి తగలగానే దాని మీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. 1944లో అమెరికా నౌకాదళానికి ఓడల్లో వాడే కుర్చీలు కావలసినప్పుడు ఎమెకో సంస్థ అల్యూమినియంతోనే తయారుచేసింది. ఆ నమూనా కుర్చీ నేటికీ తయారవుతోంది. నడిసముద్రంలో ఉండే ఓడకు సరిపోయినది మన బాల్కనీకి సరిపోదా! ఒక్క విషయం మాత్రం చూసుకోవాలి. అల్యూమినియం కుర్చీకి స్టీలు స్క్రూ నేరుగా బిగిస్తే, ఆ రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరి అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి. పది రూపాయలు కూడా ఖరీదు చేయని వాషరు లేక మంచి కుర్చీలు చెడిపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది.

కలపను ఇష్టపడేవారికి టేకు ఉంది. అయితే టేకు బలమంతా చేవలో, అంటే మాను నడిమధ్యలోని ముదురు కలపలో ఉంది. సహజమైన నూనెలు ఉండేది అక్కడే, చెదను దూరంగా ఉంచేదీ అదే. బెరడుకు దగ్గరగా ఉండే తెల్లని భాగానికి ఆ బలం లేదు. త్వరగా కొట్టేసిన చిన్న వయసు చెట్ల కలపలో ఈ తెల్లభాగం ఎక్కువ. కొనేటప్పుడు పలకల అంచుల్లో తెల్లచారలు ఉన్నాయేమో చూడండి. ఎండకు టేకు కొన్ని నెలల్లో వెండి బూడిదరంగుకు తిరుగుతుంది. అది కుళ్ళు కాదు, ఎండ పైపొరలో తెచ్చే మార్పు మాత్రమే. ఇది తెలియక దాని మీద వార్నిష్ పూయిస్తారు. బయట వార్నిష్ పగులుతుంది, పగుళ్ళలో నీరు నిలుస్తుంది, అప్పుడు కలప నిజంగానే చెడుతుంది. టేకును దాని మానాన వదిలేసి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మెత్తని బ్రష్షుతో సబ్బునీళ్ళతో కడిగితే చాలు. 

పేము కుర్చీలు అందంగా ఉంటాయి, కానీ అవి వరండా లోపలికే. ఎండవానల్లో పేము పెళుసెక్కి విరుగుతుంది. పేము అల్లికలా కనిపించే ప్లాస్టిక్ అల్లికల్లో పాలీఇథిలీన్‌తో చేసినవి మంచివి. పీవీసీతో చేసినవి ఎండకు గట్టిపడి చిట్లుతాయి. పైకి అల్లిక బాగున్నా లోపల చట్రం ఇనుముదైతే లాభం లేదు. అడుగున అల్లిక సందుల్లోంచి చట్రం ఏదో చూడండి.

హైదరాబాదులో, వరంగల్లులో ఉన్న శ్రోతలకు ఈ ఉప్పు బెడద లేదు. మీకు శత్రువు ఎండ. మీరు మంచి పౌడర్ కోటింగు ఉన్న ఇనుము కొనుక్కున్నా చాలాకాలం వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ విషయంలోనే మీరు ఎక్కువ శ్రద్ధ చూపాలి. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పదార్థం కలపని ప్లాస్టిక్ కొన్ని వేసవులకు వెలిసిపోయి, చేతికి సున్నంలాంటి పొడి అంటుతుంది. ఆ తర్వాత ఒకరోజు కాలు విరుగుతుంది. పెద్దవారు కూర్చునే కుర్చీ అయితే పొడి కనిపించినప్పుడే తీసేయండి.

రాతి సంగతి కూడా చెప్పాలి. మన పాత ఇళ్ళ వీధి అరుగులకు ఉప్పుగాలి భయం ఉండేది కాదు. కింది అంతస్తులో ఉండేవారు, తోట ఉన్న రిసార్టులవారు గ్రానైటు పలకతో అరుగులాంటి ఆసనం కట్టించుకుంటే దానికి కాలపరిమితే లేదు. ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న పలక డెబ్భై కిలోల దాకా తూగుతుంది, కాబట్టి పై అంతస్తు బాల్కనీలో పెట్టేముందు ఇంజనీరును అడగాలి. ఎండలో అది వేడెక్కుతుంది, నీడ చూసి కట్టించండి. సిమెంటు బెంచీలు ఇంత నమ్మకమైనవి కావు. ఉప్పు నెమ్మదిగా లోపలి ఇనుప చువ్వల దాకా చేరుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది.

రుషికొండ, భీమిలి, సూర్యలంక లాంటి చోట్ల రిసార్టులు నడిపేవారికి నాదొక విన్నపం. ఇంట్లో కుర్చీని రోజుకు గంటో రెండు గంటలో వాడతారు. మీ దగ్గర పొద్దుటినుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు కూర్చుంటారు, తడిబట్టలతో పడుకుంటారు, ఇసుకలో ఈడుస్తారు. అందుకే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న విడిభాగాల గురించి. పడక కుర్చీకి బిగించిన వల బట్ట చినిగితే అది ఒక్కటే మార్చుకునే వీలుండాలి, నవారు మంచానికి పాత నవారు విప్పి కొత్తది అల్లించుకున్నట్టు. సన్నని కాళ్ళు ఇసుకలో దిగబడతాయి, అడుగున అడ్డకడ్డీ ఉన్న రకం తీసుకోండి. పరుపులకు దూది, మామూలు స్పాంజి వద్దు. నీరు నిలవకుండా జారిపోయే పెద్ద రంధ్రాల స్పాంజి దొరుకుతుంది. దాని పైగుడ్డకు దారం తీయకముందే ముడిపదార్థంలో రంగు కలిపిన ఆక్రిలిక్ అయితే రంగు తొందరగా వెలవదు. రోజూ సాయంత్రం మంచినీళ్ళ గొట్టంతో కుర్చీల అడుగుభాగాలు కడిగించడానికి ఒక మనిషిని పెట్టండి. ఇంట్లోవారికి వారానికి ఒకసారి తడిగుడ్డ చాలు.

చివరిగా గాలి గురించి. భవనాల రూపకల్పనకు భారతీయ ప్రమాణాల్లో విశాఖకు నిర్దేశించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు అలాంటి గాలిని ఆ నగరం చూసింది. నేను మెచ్చుకున్న తేలికపాటి అల్యూమినియం కుర్చీ ఆ గాలిలో ఎగిరిపోయి కింద నడిచేవారి మీద పడగలదు. ఒకదానిలో ఒకటి పేర్చడానికి, మడవడానికి వీలయ్యేవి కొంటే ఇంట్లోకి చేర్చడం తేలిక. తుపాను హెచ్చరిక రాగానే కుర్చీలు, కుండీలు లోపలికి తీసుకురండి. బల్ల మీది గాజు పలకను ఊడదీసి దుప్పటి చుట్టి మంచం కింద పెట్టండి. లోపలికి పట్టని బరువైన బల్లను కాళ్ళు పైకి ఉండేలా తిరగేసి, గోడ మూలకు ఆనించి తాడుతో కట్టండి.

నమస్కారం.