‘ది స్విమ్మర్స్’ రివ్యూ: పడవ సీన్ అదిరింది, కానీ అక్క కథ ఏది?

నమస్తే అండీ. ‘ది స్విమ్మర్స్’ 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. డైరెక్టర్ సాలీ ఎల్ హొసైనీ. సిరియా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడి, ఒలింపిక్స్ దాకా వెళ్లిన స్విమ్మర్ యుస్రా మర్దీని కథ. అందరికీ తెలిసిన కథే కాబట్టి స్పాయిలర్ల గొడవ లేకుండా మాట్లాడేస్తా.

ముందు పడవ సీన్. 2015, టర్కీ నుంచి గ్రీసులోని లెస్బోస్ దీవికి ప్రయాణం. ఆరేడుగురు పట్టే రబ్బరు పడవలో ఇరవై మంది దాకా ఎక్కారు. మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది. బరువు తగ్గించాలని యుస్రా, వాళ్ల అక్క సారా నీళ్లలోకి దిగారు. నిజంగా అయితే మూడు గంటలకు పైనే నీళ్లలో ఉన్నారట. ఇంత ఛాన్స్ దొరికితే మనవాళ్లయితే స్లో మోషన్ దంచేవాళ్లు! ఇక్కడ బిల్డప్ లేదు, భయమే ఉంది. ఒడ్డుకు చేరాక కెమెరా పైకి లేస్తుంది, కింద గుట్టలు గుట్టలుగా పడేసిన లైఫ్ జాకెట్లు. ఒక్క డైలాగ్ లేదు. ఎంతమంది ఇలా వచ్చారో అర్థమైపోతుంది.

యుస్రాగా చేసిన నటాలీ ఇస్సా, సారాగా చేసిన మనల్ ఇస్సా నిజంగానే అక్కాచెల్లెళ్లు. అందుకే ఆ పోట్లాటలు అంత సహజంగా ఉన్నాయి. కానీ వాళ్లలో వాళ్లు కూడా మాటిమాటికీ ఇంగ్లిష్‌లోకి దిగిపోవడం నాకు ఎక్కలేదు.

బెర్లిన్ చేరాక సినిమా మామూలు స్పోర్ట్స్ డ్రామా అయిపోయింది. కోచ్, ట్రైనింగ్, రియో 2016, పదిమందితో మొట్టమొదటి శరణార్థుల టీమ్. 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో యుస్రా తన హీట్ (మొదటి రౌండ్‌లో ఒక గ్రూప్ పోటీ) గెలిచింది. మొత్తం 45 మందిలో మాత్రం 41వ స్థానం, సెమీస్‌కు వెళ్లలేదు. సినిమా ఆ గెలుపు ఊపులోనే ముగుస్తుంది.

నా కంప్లయింట్ ఇక్కడే. అసలు కథ ఆ తర్వాతే కదా! 2017లో, 19 ఏళ్లకే, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు గుడ్‌విల్ అంబాసిడర్ అయింది యుస్రా. సారా ఏమో లెస్బోస్‌కే తిరిగి వెళ్లి, పడవల్లో వచ్చేవాళ్లకు సాయం చేస్తూ 2018లో అరెస్టయింది. మూడు నెలలకు పైగా జైల్లో ఉంది. చెల్లి వేదికల మీద, అక్క కటకటాల వెనక, ఇద్దరిదీ ఒకే పని! సినిమా దీన్ని చివర్లో నాలుగు ముక్కల టెక్స్ట్‌గా వేసి చేతులు దులుపుకుంది. ట్రైనింగ్ సీన్లు ఓ పావుగంట కోసేసి ఇది చూపించాల్సింది.

నా రేటింగ్ ఐదుకి మూడు. అందులో రెండు పడవ సీన్‌కే. చూస్తే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.