క్లాస్‌కీ ఆన్‌లైన్‌కీ ఒకేసారి పాఠం: ముందు కొనాల్సింది కెమెరా కాదు

నమస్తే అందరికీ. నల్లగొండలో ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ ట్యూషన్ చెప్తాను. కొందరు ఎదురుగా బెంచీల మీద ఉంటారు, మిగతావాళ్లు దేవరకొండ, చందంపేట వైపు ఊళ్ల నుంచి ఫోన్‌లో వింటారు. అందరికీ ఒకేసారి చెప్పడానికి నేను వాడి చూసిన కాలర్ మైకు, కాన్ఫరెన్స్ స్పీకర్, వెబ్‌క్యామ్ గురించి ఈ రివ్యూ.

కాలర్ మైకులో నా గొంతు బ్రహ్మాండంగా వెళ్తుంది. కానీ నా గొంతు ఒక్కటే వెళ్తుంది! రెండో బెంచీ అబ్బాయి "సార్, ఇక్కడ మైనస్ ఎట్ల వచ్చింది?" అంటాడు, నేను జవాబు చెప్తాను. ఫోన్‌లో ఉన్న అమ్మాయికి ప్రశ్న వినపడదు, జవాబు మాత్రం వినపడుతుంది. నాలుగుసార్లు ఇలా జరిగితే ఆ పిల్ల ఇక నోరు తెరవదు. నాకు బాధనిపించేది అదే.

అందుకే కాలర్ మైకు పక్కన పెట్టి కాన్ఫరెన్స్ స్పీకర్‌కు మారాను. స్పీకర్, చుట్టూ మైకులు, అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. తన స్పీకర్ శబ్దాన్ని మైకులోంచి తనే తీసేస్తుంది కాబట్టి ఎకో రాదు. బోర్డుకు, మొదటి బెంచీకి మధ్య స్టూల్ వేసి పెట్టండి. వెనక బెంచీల గొంతు పలచగా వెళ్తుంది, ఆ ప్రశ్నను మీరు మళ్లీ చెప్పాల్సిందే. క్లాసులో ఎవరైనా ఫోన్‌లో కూడా జాయిన్ అయి సౌండ్ పెట్టారంటే మాత్రం చెవులు చిల్లులు పడే కూత!

వెబ్‌క్యామ్ పర్వాలేదు. కిటికీ వెలుగు బోర్డు మీద పడితే అక్షరాలు కనపడవు, కర్టెన్ వేయండి. కొనలేకపోతే పాత ఫోన్‌ను స్టాండ్‌కి బిగించి, మైకు, సౌండ్ ఆపేసి, మీటింగ్‌లో ఇంకో మెంబర్‌గా చేర్చండి.

ఉచిత ఖాతాలో గ్రూప్ మీటింగ్ జూమ్‌లో అయితే 40 నిమిషాలకు, గూగుల్ మీట్‌లో అయితే 60 నిమిషాలకు ఆగిపోతుంది. గంటన్నర క్లాసుకు మళ్లీ జాయిన్ కావాల్సిందే, ఆ టైమ్‌కి బ్రేక్ ఇచ్చేయండి.

ఏ సామానూ చేయలేని పని ఒకటుంది. ప్రశ్న వేయగానే బెంచీల వాళ్లు అరిచి చెప్పేస్తారు. ఆన్‌లైన్ పిల్లలకు మాట చేరాలి, అన్‌మ్యూట్ చేయాలి, అంతలో జవాబు అయిపోతుంది. అందుకే నా క్లాసులో మొదటి జవాబు ఆన్‌లైన్ వాళ్లదే, పేరు పెట్టి అడుగుతాను, ఆగుతాను. సిగ్నల్ సరిగా లేనివాళ్లను వీడియో ఆపేసి వినమంటాను. బోర్డు తుడిచే ముందు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను.