నల్ల చొక్కా సాక్ష్యం

సభకు నమస్కారం. నేర కథనాల పాడ్‌కాస్టులను తప్పుపట్టడానికే వచ్చాను గానీ, వాటికి నేను పరాయివాణ్ణి కాదు. రాత్రి గిన్నెలు కడుగుతూ వినడం ఏళ్లనాటి అలవాటు. ఒక రాత్రి సబ్బు చేతులతోనే కుళాయి కట్టేసి నిలబడిపోయాను. కథ చెబుతున్నతను అనుమానితుడి గురించి ‘ఎప్పుడూ నల్ల బట్టలే వేసుకునేవాడు’ అని, ఒక్క క్షణం ఆగాడు. ఆ ఖాళీలో ఎక్కడో మంద్రంగా ఒక తీగ మోగింది. నా ఒళ్లు జలదరించింది. ఇంతకీ అతను నాకు చెప్పింది ఏమిటి? బట్టల రంగు. మిగతాదంతా ఆ తీగ చెప్పింది.

గుమ్మడికాయల దొంగ తన భుజం తానే తడుముకుంటాడని మన సామెత. ఇక్కడ ఆ శ్రమ కూడా వాడికి ఇవ్వడం లేదు. వాడి భుజం మనమే తడుముతున్నాం.

పాడ్‌కాస్టులు పుట్టకముందే, వేషాన్ని సాక్ష్యంగా చూపే ఈ పని న్యాయస్థానంలో జరిగింది. 1993 మే నెలలో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, వెస్ట్ మెంఫిస్‌లో ఎనిమిదేళ్ల పిల్లలు ముగ్గురు హత్యకు గురయ్యారు. డేమియన్ ఎకోల్స్, జేసన్ బాల్డ్విన్, జెస్సీ మిస్కెల్లీ అనే కుర్రాళ్లను అరెస్టు చేశారు. గంటల తరబడి ప్రశ్నించాక మిస్కెల్లీ ఇచ్చిన వాంగ్మూలం జరిగినదానితో చాలాచోట్ల పొసగలేదు. మరి జ్యూరీ ముందు ఏం పెట్టారు? ఎకోల్స్ నల్ల దుస్తులు, అతను వినే హెవీ మెటల్ పాటలు, చదివే భయానక నవలలు. క్షుద్రపూజల నిపుణుడంటూ ఒకాయనను సాక్షిగా పిలిచారు. ఆయన డాక్టరేటు తపాలా చదువుతో వచ్చింది! ఎకోల్స్‌కు మరణశిక్ష, మిగతా ఇద్దరికీ యావజ్జీవం పడ్డాయి. 2011 ఆగస్టులో, నిర్దోషులమని చెప్పుకుంటూనే నేరాంగీకారం నమోదు చేయించుకునే విచిత్రమైన ఏర్పాటు కింద ముగ్గురూ బయటికొచ్చారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి.

వాళ్ల విషయం లోకానికి తెలిసింది డాక్యుమెంటరీల వల్లే. కాబట్టి ఈ కథనాలన్నీ దండగ అనను. కానీ నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అక్కడే ఉంది. ఆ వరుసలో 2000లో వచ్చిన రెండో చిత్రం, చనిపోయిన పిల్లల్లో ఒకరి పెంపుడు తండ్రి మీదికి అనుమానాన్ని మళ్లించింది. ఆయన గట్టిగా అరుస్తాడు, కెమెరా ముందు నాటకీయంగా ప్రవర్తిస్తాడు, చూడటానికి వింతగా ఉంటాడు. ఈ హత్యల విషయంలో ఆయనపై ఎన్నడూ అభియోగం మోపలేదు. వింతగా ఉన్నారని కుర్రాళ్లను ఇరికించారంటూ వాపోయినవాళ్లే, వింతగా ఉన్న మరొకరిని వెతికి పట్టుకున్నారు.

ఈ కొలత తిరగేసినా పనిచేస్తుంది. ఈ ప్రక్రియకు ఇంత పేరు తెచ్చిన ‘సీరియల్’ అనే పాడ్‌కాస్ట్ 2014లో మొదలైంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1999లో హత్యకు గురైన హైస్కూలు విద్యార్థిని హే మిన్ లీ కేసు అది. శిక్ష పడ్డ అద్నాన్ సయ్యద్‌ను తొలిసారి చూసినప్పుడు, ఆ పెద్ద పెద్ద గోధుమరంగు కళ్లవాడు హత్య చేసి ఉంటాడా అనిపించిందని కథకురాలు సారా కోనిగ్ చెబుతుంది. అది తెలివితక్కువ ఆలోచనేనని వెంటనే తనే ఒప్పుకుంటుంది కూడా. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ వినేవాళ్లకు గుర్తుండిపోయేది ఒప్పుకోలు కాదు, కళ్లు. 2022లో శిక్ష రద్దు విచారణలో లీ సోదరుడు న్యాయస్థానంతో, ఇది తనకు పాడ్‌కాస్ట్ కాదనీ, తన నిజ జీవితమనీ చెప్పుకోవాల్సి వచ్చింది.

నార్వే సంగతి అడుగుతారని తెలుసు. అవును, అక్కడ బ్లాక్ మెటల్ (హెవీ మెటల్‌లోనే ఒక తీవ్రమైన శాఖ) వాద్యకారుడు వర్గ్ వికెర్నెస్ 1993లో తోటి వాద్యకారుణ్ణి చంపాడు, చర్చిలు తగలబడ్డాయి. చంపినవాడూ చచ్చినవాడూ ఆ సంగీతం వాళ్లే అయినప్పుడు, సంగీతమే చంపిందనడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు.

ఇక సోఫీ లాంకాస్టర్. ఇంగ్లండులోని బేకప్ పట్టణం, 2007 ఆగస్టు. ఇరవై ఏళ్ల గోత్ అమ్మాయి, అంటే నల్ల బట్టలూ ముదురు అలంకరణా ఇష్టపడే బృందానికి చెందినది. పార్కులో కొందరు కుర్రాళ్లు ఆమె స్నేహితుణ్ణి పడగొట్టి తన్నారు. అతని తలను ఒడిలోకి తీసుకుని కాపాడబోయింది. అప్పుడు ఆమెను తన్నడం మొదలుపెట్టారు. పదమూడు రోజుల తర్వాత చనిపోయింది. వాళ్లిద్దరి వేషం తప్ప ఆ కుర్రాళ్లకు వేరే కారణం లేదు. నల్ల బట్టలు నిజంగా సాక్ష్యంగా నిలిచింది ఈ కేసులోనే. అదీ వేసుకున్నవాళ్ల మీద కాదు, వాళ్లను తన్నినవాళ్ల మీద. 2013 నుంచి గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి దాడులను ద్వేష నేరాలుగా నమోదు చేస్తున్నారు.