బల్లార్ష ఎండ, చేతి వాచీ

హోస్ట్: నమస్కారం. ఇవాళ బల్లార్షలో ఒక వాచీ రిపేరు షాపులో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. వెనక కూలర్ చప్పుడు వినిపిస్తుంది, ఏమనుకోకండి. ఆపితే ఇద్దరం ఉడికిపోతాం. అన్నా, ముందు నా గోడు వినండి. ఈ స్మార్ట్‌వాచ్ కొత్తలో మూడు రోజులు వచ్చేది. ఇప్పుడు పొద్దున పెట్టుకుంటే సాయంత్రానికి ఆగిపోతోంది. కొని రెండేళ్లే.

మెకానిక్: ఛార్జింగ్ ఎక్కడ పెడతావు?

హోస్ట్: కిటికీ గట్టు మీద.

మెకానిక్: ఎండ పడే కిటికీయేనా?

హోస్ట్: (నవ్వు) అదే.

మెకానిక్: మరి ఇంకేం కావాలి! ఇవాళ 60 శాతం, రేపు 40 శాతం వాడావనుకో, రెండూ కలిపి ఒక ఛార్జింగ్ సైకిల్. బ్యాటరీ ఆయుష్షు ఈ సైకిళ్లలోనే లెక్క. 1000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం ఉండేలా వాచీ బ్యాటరీ చేశామని ఆపిల్ చెబుతుంది. రోజుకో సైకిల్ అయితే మూడేళ్లలోపే అది. కానీ వాచీని 35 డిగ్రీల లోపు వాడమన్నదీ వాళ్లే. మన చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 దాటడం మామూలే కదా.

హోస్ట్: వేడి అంత పాడు చేస్తుందా?

మెకానిక్: వేడికి లోపల రసాయన చర్యలు జోరందుకుంటాయి. ఎలక్ట్రోడ్ అని లోపల పలక ఉంటుంది, దాని మీద పొర మందమై, ఛార్జింగ్ మోసే లిథియం కొంత అందులోనే చిక్కుకుపోతుంది. అది మళ్లీ పనికి రాదు. 100 శాతం నిండిన బ్యాటరీకి ఎండ తగిలితే మరీ చేటు.

హోస్ట్: సరే, మార్చేస్తే?

మెకానిక్: పెద్దవాళ్లు ఇప్పటికీ "సెల్ మార్చు" అంటారు, పాత వాచీలా. దానికి వెనక మూత తీస్తే చాలు. దీనికి స్క్రీన్ జిగురుతో అంటించి ఉంటుంది. వేడి చేసి మెల్లగా లేపాలి. కింద స్క్రీన్‌కు వెళ్లే సన్నటి రిబ్బన్ లాంటి తీగ తెగిందా, బ్యాటరీకి వచ్చి డిస్‌ప్లే పోయినట్టే. మళ్లీ అతికించాక నీళ్లు పోవని నేనైతే మాటివ్వను. స్నానానికి తీసేయమంటాను.

హోస్ట్: బ్యాటరీ దొరుకుతుందా?

మెకానిక్: చవక వాచీల బ్యాటరీ మీద నంబరుంటుంది. 402025 అంటే 4 మిల్లీమీటర్ల మందం, 20 వెడల్పు, 25 పొడవు. మందం కొంచెం ఎక్కువైనా స్క్రీన్ కూర్చోదు. ఖరీదైన వాచీ అయితే నా దగ్గర వద్దు, కంపెనీ సర్వీస్‌కే ఇవ్వు. వెయ్యి, పన్నెండొందల వాచీకైతే నా మజూరీ కూడా దండగే.

హోస్ట్: మరి నాది?

మెకానిక్: ఏదీ, ఇటివ్వు. ఈ అంచు చూడు, గోరు దూరుతోంది. ఎప్పటి నుంచి ఇలా ఉంది?

హోస్ట్: జిగురు ఊడిందనుకున్నా.

మెకానిక్: జిగురు కాదు, లోపల బ్యాటరీ ఉబ్బి స్క్రీన్‌ను నెడుతోంది. నొక్కకు! నొక్కి అతికిద్దామని చూస్తే బ్యాటరీకి చిల్లుపడి మంట అంటుకుంటుంది. ఇవాళ్టి నుంచి దీన్ని ఛార్జింగ్ పెట్టకు. ఇక్కడే వదిలెయ్, కూలర్ పక్కన పెడతాను.